కండక్టరమ్మ మామగారు

పన్నెండో నంబరు బస్సు పొద్దున ఎనిమిదీ ఇరవైకి పోస్టాఫీసు స్టాపులో ఆగేసరికి, ఒక నడివయసు మనిషి తన తండ్రి చెయ్యి పట్టుకుని సిద్ధంగా ఉండేవాడు. తండ్రి చేత మెట్టు మీద ఒక కాలు పెట్టించి, రెండో కాలు తనే ఎత్తి పెట్టేవాడు. లోపల్నుంచి కండక్టరమ్మ ఆ పెద్దాయన మోచెయ్యి అందుకునేది. కింద నిలబడ్డ మనిషి ఆమె భర్త. పైకెక్కిన పెద్దాయన ఆమె మామగారు. ఆ అరనిమిషంలో మొగుడూ పెళ్ళాలు ఒకరి మొహం ఒకరు చూసుకునేవారు కాదు. ఎవరైనా చూస్తే వాళ్ళిద్దరూ ముక్కూ మొహం తెలియనివాళ్ళనే అనుకునేవారు.

మామగారిని డ్రైవరు వెనక సీటులో కిటికీ పక్కన కూర్చోబెట్టి, అందరికీ ఇచ్చినట్టే ఆయనకీ ఒక టిక్కెట్టు చింపి ఇచ్చేది. ఆ పైకం తన సొంత పర్సులోంచి తీసి టిక్కెట్ల సంచిలో వేసేది. ప్రతి ట్రిప్పుకీ అంతే. డ్యూటీలో ఉన్న కండక్టరు ఇంటి మనిషిని బస్సులో వెంట తిప్పుకోకూడదని డిపో రూలు. టిక్కెట్టు కొన్నంత మాత్రాన ఆ రూలు మాఫీ అయిపోదని ఆమెకి తెలుసు. అయినా టిక్కెట్టు లేకుండా ఆయన్ని కూర్చోబెట్టడానికి మనసొప్పేది కాదు. తప్పు చేస్తూ కూడా అందులో చేతనైనంత మేర సరిగా ఉందామనుకునే మనిషి ఆమె.

పంతొమ్మిది రోజులు గట్టెక్కితే చాలు. ఒకటో తారీఖు నుంచి వృద్ధుల పగటి కేంద్రంలో ఆయనకి చోటు ఇస్తామన్నారు. అప్పటిదాకా ఉద్యోగం పోకూడదు, ఆయన తప్పిపోకూడదు, కూతురి చదువు పాడవకూడదు. పొద్దున్నే నాలుగున్నరకి లేచి దీపం పెట్టేటప్పుడు దేవుణ్ణి ఆమె అడిగేది ఇంతే.

మామగారు ముప్పై ఏడేళ్ళు రైలు గార్డుగా చేశాడు. రైలు చివరి పెట్టెలో నిలబడి ఆయన పచ్చజెండా ఊపనిదే ముందున్న డ్రైవరు బండి కదపకూడదు. తను ఎక్కిన బండి తన మూలంగా ఒక్క నిమిషం కూడా ఆలస్యం కాలేదని ఆయన గొప్పగా చెప్పుకునేవాడు. మతిమరుపు మొదట తాళంచెవులతో మొదలైంది. తర్వాత ఇంటి దారి పోయింది. ఆ తర్వాత భోజనం చేసిందీ లేనిదీ గుర్తుండకుండా పోయింది. పోయినేడు ఒకరోజు కోడలి మొహంలోకి పరకాయించి చూసి, "అమ్మాయ్, నువ్వు ఎవరి తాలూకు?" అని అడిగాడు. ఆమె వంటింట్లోకి వెళ్ళి కళ్ళు తుడుచుకుని వచ్చి, "మీ తాలూకేనండీ," అంది. ఆయన తృప్తిగా తల ఊపాడు.

గడియారం చూడటం మాత్రం మర్చిపోలేదు. చొక్కా తిరగేసి తొడుక్కున్న రోజున కూడా ఎడమ చేతికి వాచీ ఉండేది. టైము ఎంతంటే సెకన్లతో సహా చెప్పేవాడు.

మొన్నటిదాకా ఇల్లు ఎలాగో నడిచింది. ఆమెది పొద్దున ఆరు నుంచి రెండు వరకు డ్యూటీ. భర్త నీళ్ళ సరఫరా పంపుహౌసులో ఆపరేటరు. అతనిది రెండు నుంచి పది వరకు. ఒకరు గుమ్మంలో చెప్పులు విప్పుతుంటే ఇంకొకరు తొడుక్కునేవారు. మాట్లాడుకోవడానికి ఆదివారం దాకా ఆగాల్సి వచ్చినా, పెద్దాయన పక్కన మాత్రం ఎప్పుడూ ఎవరో ఒకరు ఉండేవారు. ఈలోగా పంపుహౌసులో ఒక ఆపరేటరు కాలు విరిగి సెలవు పెట్టాడు. ఇంజినీరు అందరినీ పిలిచి, షిఫ్టులు మార్చాలి, ఎవరికి ఏ షిఫ్టు ఇబ్బందో ఇప్పుడే చెప్పండి అన్నాడు. ఒకతను పాపను బడి దగ్గర దింపాలన్నాడు. ఇంకొకతను డాక్టరు ఎండలో తిరగొద్దన్నాడని చెప్పాడు. ఈమె భర్త నీళ్ళు నమిలాడు. అతనికి తొమ్మిది నుంచి ఆరు పడింది.

అతను చెడ్డవాడు కాదు. తండ్రి జబ్బు సంగతి పంపుహౌసులో ఎవరికీ చెప్పలేదు, అంతే. తండ్రి పేరు చెబితే ఇప్పటికీ రైల్వే వాళ్ళు లేచి నిలబడతారు. అలాంటి మనిషి ప్యాంటు బొత్తాలు పెట్టుకోలేకపోతున్నాడని నలుగురిలో ఎలా చెప్పేది అనుకున్నాడు.

కనిపెట్టుకుని ఉండటానికి ఒకామెను కుదుర్చుకున్నారు. ఎవరో పరాయిమనిషి రిజర్వేషను పెట్టెలోకి చొరబడిందనుకుని పెద్దాయన ఆమెను గుమ్మం దాకా తోశాడు. ఆమె రెండో రోజే మానేసింది. తర్వాత కూతురు బడి ఎగ్గొట్టడం మొదలుపెట్టింది. అది చివరి తరగతి, పెద్ద పరీక్షల సంవత్సరం. క్లాసు టీచరు ఫోను చేసేదాకా తల్లికి తెలియలేదు.

"నేనుంటాలే అమ్మా," అంది కూతురు. "పుస్తకం పట్టుకుని తాతయ్య పక్కన కూర్చుంటా. రెండు పనులూ అయిపోతాయి."

"నువ్వు పుస్తకం తెరిచేసరికి ఆయన గేటు తెరుస్తారు. రేపట్నుంచి బడికి పో."

ఆ సాయంత్రం ఆమె డిపోలో తన డ్రైవరు దగ్గరికి వెళ్ళింది. అతణ్ణి అందరూ 'నిదానం' అంటారు. బస్సును ఎప్పుడూ కుదుపు లేకుండా ఆపుతాడని వచ్చిన పేరు. ఇద్దరూ పదకొండేళ్ళుగా ఒకే బస్సు మీద ఉన్నారు. అతను రిటైరు కావడానికి ఇంకా ఎనిమిది నెలలుంది.

"అన్నయ్యా, ఒక మాట అడగనా?"

"అడుగు. ఇచ్చేదైతే ఇస్తా, తిట్టేదైతే తిడతా."

ఆమె చెప్పింది. అతను బీడీ కింద పడేసి చెప్పుతో నలిపాడు.

"నా వెనక సీటులో కూర్చోబెట్టు. ఇన్నేళ్ళూ నా వెనక కూర్చున్నవాళ్ళందరూ నాకు తిట్లే నేర్పారు. ఒక మర్యాదస్తుడు కూర్చుంటే వినడానికి బావుంటుంది."

అలా మొదలైంది.

మొదటి పదిరోజులూ ఆ బస్సులో మనుషులు చూపించిన మంచితనం కాగితం మీద పెడితే ఎవరూ నమ్మరు. డ్రైవరు వెనక సీటు ఎప్పుడూ తనదే అనుకునే లావుపాటి బట్టల దుకాణదారు మారు మాట్లాడకుండా లేచి వెనక్కి వెళ్ళాడు. ఆసుపత్రి డ్యూటీకి వెళ్ళే నర్సు రోజూ పెద్దాయన చొక్కా బొత్తాలు సరిచేసి దిగేది. రోజూ పేపర్లో పదాల గళ్ళు నింపుకుంటూ కూర్చునే రిటైరైన గుమాస్తా ఒకాయన ఉండేవాడు. ఆయన్ని 'పజిల్ మాష్టారు' అనేవారు. ఆయన తన పక్కన కూర్చున్న పెద్దాయనకి పెన్ను మూత ఇచ్చి, "ఇది కాస్త పట్టుకోండి, మీరు లేకపోతే నాకు పని జరగదు," అనేవాడు. పెద్దాయన ఆ మూతని రెండు చేతులా పట్టుకుని బాధ్యతగా కూర్చునేవాడు. ఆసుపత్రి దగ్గర బస్సు పది నిమిషాలు ఆగితే, గేటు కాపలా అతను స్టాఫు బాత్రూము తాళం తీసి ఇచ్చేవాడు. కండక్టరమ్మ టిక్కెట్ల సంచి కింద ఇంకో సంచి ఉండేది. అందులో ఒక జత ప్యాంటు, ఒక తువ్వాలు.

బస్సు కదిలిందంటే పెద్దాయన వాచీ చూసుకునేవాడు.

"డ్రైవరుగారూ, రెండు నిమిషాలు లేటు."

"నా తప్పేం లేదండీ, సిగ్నలు పడింది."

"కారణం రిజిస్టర్లో రాయండి."

"రాశానండీ, సంతకం మీదే బాకీ."

బస్సంతా నవ్వేది. ఆయన నవ్వేవాడు కాదు. డ్యూటీలో నవ్వడం ఆయనకి అలవాటు లేదు.

కండక్టరమ్మ నవ్వుతూనే ఒళ్ళంతా కళ్ళు చేసుకుని ఉండేది. వెనక తలుపు దగ్గర టిక్కెట్టు చింపుతున్నా చూపు ముందు సీటు మీదే. ఎనిమిదో రోజున చెకింగు ఆఫీసరు ఎక్కాడు. పెద్దాయన టిక్కెట్టు చూసి, "ఎక్కడికెళ్ళాలి తాతా?" అని అడిగాడు. ఆయన బిక్కమొహం వేశాడు. పజిల్ మాష్టారు పేపరులోంచి తలెత్తకుండా, "మా బావగారండీ, నాతోనే దిగుతారు," అన్నాడు. ఆఫీసరు దిగిపోయాడు. అందరూ ఊపిరి పీల్చుకున్నారు. తన కోసం ఒక పెద్దమనిషి అంత సులువుగా అబద్ధమాడటం చూస్తే కండక్టరమ్మకి సంతోషమూ వేసింది, భయమూ వేసింది.

పన్నెండో రోజు. బస్సు ఆసుపత్రి స్టాండులో ఉంది. అక్కణ్ణుంచి బయలుదేరే టైము పదీ నలభై. ఆ బస్సులో పైన ఈ చివర నుంచి ఆ చివర దాకా ఒక తాడు ఉంటుంది, దాని కొస డ్రైవరు నెత్తిన గంటకి కట్టి ఉంటుంది. ఒకసారి లాగితే ఆగమని, రెండుసార్లు లాగితే పొమ్మని. అందరూ ఎక్కారో లేదో చూసుకుని కండక్టరు రెండు కొడితేనే బండి కదలాలి. నిదానం పదకొండేళ్ళుగా ఆమె గంట మీద ఎంత నమ్మకం పెట్టుకున్నాడంటే, పక్క అద్దంలో చూసుకోవడమే మానేశాడు.

పదీ నలభైకి ఇంకా అరనిమిషం ఉండగా, కర్టెన్లు కుట్టే ఆమె ఒక పెద్ద మూటతో వెనక తలుపు దగ్గరికి వచ్చింది. వారానికి మూడు రోజులు ఆమె ఇళ్ళకి వెళ్ళి కొలతలు తీసుకుని, కుట్టిన కర్టెన్లు తగిలించి వస్తుంది. యాభై దాటిన మనిషి. ఒక చేతిలో కర్టెన్ల మూట, ఇంకో చేతిలో కొలబద్ద. కండక్టరమ్మ కిందకి దిగి, మూట తను అందుకుని లోపల పెట్టడానికి పైకెత్తింది. కర్టెన్లామె కడ్డీ పట్టుకుని కుడికాలు మెట్టు మీద పెట్టింది.

ముందు సీటులో పెద్దాయన వాచీ చూసుకున్నాడు. టైమయింది. బండి కదల్లేదు. ఆయన లేచి నిలబడ్డాడు. తల మీద తాడు వేలాడుతోంది. ఆయన చెయ్యి పైకెత్తి, ఠంచనుగా, గట్టిగా, రెండుసార్లు లాగాడు.

బస్సు కదిలింది.

కండక్టరమ్మ "ఆపన్నయ్యా" అని అరిచేలోగానే కర్టెన్లామె చెయ్యి కడ్డీ మీంచి జారింది. ఆమె రోడ్డు మీద కుడి చెయ్యి కింద వేసుకుని పడింది. అది విరిగిన చప్పుడు కండక్టరమ్మకి వినిపించింది. చీపురు పుల్ల విరిచినంత చిన్న చప్పుడు.

జనం మూగారు. కొలబద్ద చక్రం కింద పడి నలిగింది. నిదానం తన సీటులోంచి దిగి వచ్చి, పడిపోయిన ఆమెని చూసి, అక్కడే ఫుట్‌పాత్ అంచున కూలబడ్డాడు. ముందు తలుపు దగ్గర పెద్దాయన నిలబడి గద్దిస్తున్నాడు:

"ఎవరయ్యా చైను లాగింది? రైట్ టైముకి తీశాం కదా, ఎవరు ఆపారు?"

ఎవరూ నవ్వలేదు.

ఆసుపత్రి ఎదురుగానే ఉండటం ఒకటే ఆ రోజు దేవుడు చూపిన దయ. మణికట్టు రెండు చోట్ల విరిగిందన్నారు. రెండు గంటలు పోయాక కండక్టరమ్మ కట్ల గది బయట బల్ల మీద మామగారిని పక్కన పెట్టుకుని కూర్చుని ఉంటే, పజిల్ మాష్టారు వచ్చి ఆమె మీదకి వంగి మెల్లగా చెప్పాడు.

"అమ్మాయ్, నువ్వేం బెంగ పెట్టుకోకు. మేమంతా ఒక మాట అనుకున్నాం. బస్సు కదిలిపోయాక ఆవిడే పరిగెత్తుకొచ్చి ఎక్కబోయింది. పోలీసుతో అదే చెప్పాం. నర్సమ్మ కూడా సరేనంది. నీ మామగారి ఊసే రాలేదు."

"ఆవిడ నిలబడి ఉన్న బస్సే ఎక్కింది మాష్టారూ. ఆవిడ మూట నా చేతుల్లో ఉంది."

"నాకు తెలీదా? కానీ నీ ఇల్లు గుర్తు తెచ్చుకో."

ఆయన ఆమె భుజం తట్టి వెళ్ళిపోయాడు. పన్నెండు రోజులుగా పెన్ను మూత ఇచ్చి పెద్దాయనని ఊరుకోబెట్టిన చెయ్యే అది. దాన్ని విదిలించుకోవడానికి ఆమెకి చేత కాలేదు.

సాయంత్రం భర్త ఇంటికి వచ్చేసరికి కబురు తెలిసింది. బూట్లు విప్పకుండానే కుర్చీలో కూర్చున్నాడు. ఎల్లుండి పొద్దునకల్లా జరిగింది రాసి ఇవ్వమని డిపో మేనేజరు అడిగాడని ఆమె చెప్పింది.

"మరి మాష్టారు వాళ్ళు చెప్పిందే రాయి."

"ఆవిడ తప్పు లేనిది ఆవిడ మీద ఎలా రాయనండీ?"

"పోనీ గంట నువ్వే పొరపాటున కొట్టానని రాయి."

"నేను కింద ఉన్నానని స్టాండులో అందరూ చూశారు."

పక్క గదిలో పెద్దాయన మనవరాలితో, టిక్కెట్టు లేనివాళ్ళని దించెయ్యమంటున్నాడు. మనవరాలు, "దించేశా తాతయ్యా, ఇద్దర్ని," అంటోంది.

"ముప్పై ఏడేళ్ళు," అన్నాడు భర్త. "ఒక్క మచ్చ లేదు ఆయనకి. ఒక్క మెమో లేదు. నువ్వు ఆయన్ని ఒక ప్రమాదం కాగితం మీదకి ఎక్కిస్తావా?"

ఆ మాటలో న్యాయం లేదని ఆమె అనలేకపోయింది. తన తండ్రి గురించైతే తనూ అలాగే అని ఉండేదేమో.

మర్నాడు పొద్దున మేనేజరు పిలిస్తే వెళ్ళింది. మామగారి దగ్గర కూతురు ఉండిపోయింది. మేనేజరు ఒక్కమాటే అన్నాడు: "సాక్షులందరూ నీ వైపే ఉన్నారు. పోలీసు కాగితం కూడా అలాగే ఉంది. నువ్వు రెండు ముక్కలు రాసిస్తే ఫైలు మూసేస్తా." ఆమె తల ఊపి బయటికి వచ్చింది. ఇంటికి వెళ్ళాల్సిన కాళ్ళు వేరే దారి పట్టాయి.

కర్టెన్లామె ఉండేది ఒక మేడ మీద ఒంటి గది. గోడకి నాలుగు వెదురు కర్రలు ఆనించి ఉన్నాయి. కుట్టు మిషను మీద సగం అంచు కుట్టిన ఆకుపచ్చ కర్టెను అలాగే ఉంది. ఆమె కుడి చేతికి మోచేతి దాకా పిండికట్టు వేసి ఉంది. ఎడమ చేత్తో సూదిలోకి దారం ఎక్కించాలని చూస్తోంది.

"రామ్మా కండక్టరమ్మా. కూర్చో, ఆ బట్టలు పక్కకి తోసి." ఆమె సూది కిందపెట్టింది. "మిషను తొక్కడానికి కాలు చాలదు, చెయ్యి కావాలి. అందుకని చేత్తో అంచు వేద్దామనుకున్నా. ఈ ఎడం చెయ్యి నా మాట వినడం లేదు."

"నొప్పి ఎలా ఉందండీ?"

"నొప్పిదేముంది, ఉంటుంది. నాకు నిద్ర పట్టనిది ఇంకోటి. కదిలే బస్సు ఎక్కబోయానటగా నేను. ఆ పేపరు గళ్ళాయన పోలీసుతో నా పక్కనే నిలబడి చెప్పాడు. విరిగింది చెయ్యి, చెవులు కాదు. నలభై ఏళ్ళుగా బస్సులెక్కుతున్నా. కదిలే బండి ఎక్కేంత తొందర నాకు ఏనాడూ లేదు. నా కూతురు కూడా ఫోనులో, నీకెందుకమ్మా అంత కంగారు అని నన్నే తిట్టింది."

కండక్టరమ్మ చీర కొంగు వేలికి చుట్టుకుంటూ, విప్పుకుంటూ కూర్చుంది. తర్వాత చెప్పింది. షిఫ్టుల సంగతి, కూతురి బడి, డ్రైవరు వెనక సీటు, తాడు, వాచీ, ఏదీ దాచకుండా చెప్పింది.

కర్టెన్లామె కిటికీ వైపు తిరిగింది.

"ఎక్కిన ప్రతిసారీ లేటయిందని చెప్పే ఆ పెద్దాయనా?"

"ఆయనే."

"నిన్నంతా డ్రైవర్ని తిట్టుకున్నా. ఇప్పుడు ఎవర్ని తిట్టుకోను?"

"నన్ను తిట్టండి."

"తిడతా. నువ్వు వెళ్ళాక తీరిగ్గా తిడతా. మొహం మీద తిట్టడం నాకు రాదు." ఆమె మిషను వైపు చూసింది. "మూడిళ్ళ కర్టెన్లు ఒప్పుకున్నా. ఒక ఇంట్లో పసిబిడ్డ వస్తోంది, ఎండ పడకూడదని తొందరపెట్టారు. నేనేం చెప్పుకోను వాళ్ళకి?"

కండక్టరమ్మ మిషను మీంచి జారుతున్న ఆకుపచ్చ కర్టెనుని పైకి సర్దింది.

కాసేపటికి కర్టెన్లామె అడిగింది: "ఆయన దగ్గర ఇప్పుడు ఎవరున్నారు?"

"మా అమ్మాయి."

"ఇవాళ బడి లేదూ?"

విరిగిన చేతి మనిషి, ఇంతసేపూ తన బాధ చెప్పుకున్న మనిషి, ఆ ప్రశ్న అడిగింది. ఆ పొద్దున ఇంట్లో ఎవరూ ఎవరినీ అడగని ప్రశ్న.

"సరే, వచ్చినదానివి వచ్చావు, ఆ సూదులకి దారం ఎక్కించి వెళ్ళు. డబ్బాలో ఇంకా ఉన్నాయి."

ఆమె పదహారు సూదులకి ఆకుపచ్చ దారం ఎక్కించి, వరసగా దిండుకి గుచ్చి, లేచి వచ్చింది.

డిపో టీ దుకాణం దగ్గర నిదానం కనిపించాడు. తను నిజమే రాయదల్చుకున్నానని అతనికి చెప్పింది. నిజం రాస్తే పెద్దాయన్ని బస్సులో ఉండనిచ్చినందుకు అతనికీ చుట్టుకుంటుంది.

"ఎనిమిది నెలలమ్మా," అన్నాడు.

"తెలుసన్నయ్యా."

"తెలిసే అంటున్నావా?"

అతను టీ గ్లాసు సగంలో వదిలేసి వెళ్ళిపోయాడు. పదకొండేళ్ళలో అతను ఆమెకి వెన్ను చూపించి వెళ్ళడం అదే మొదలు.

ఆ సాయంత్రం కూతురి నోటుబుక్కులోంచి ఒక కాగితం చింపుకుని ఆమె రాసింది. పెద్ద చదువులు చదవలేదు గానీ చేతిరాత గుండ్రంగా ఉంటుంది. మా మామగారికి మతిమరుపు జబ్బు, ఇంట్లో చూసేవారు లేక పన్నెండు రోజులుగా నా బస్సులో తిప్పుతున్నాను. తాడు అందేచోట ఆయన్ని కూర్చోబెట్టింది నేను. ఆయన టైము చూసి గంట కొట్టారు. అప్పుడు నేను కింద ఉన్నాను. ఆ ప్రయాణికురాలు నిలబడి ఉన్న బస్సే ఎక్కారు, ఆవిడ తప్పు ఏమీ లేదు. ఇంతే. డ్రైవరు గురించి ఏం రాయాలో తోచలేదు. లేనిది రాయలేదు, ఉన్నది అతనికే వదిలేసింది.

మర్నాడు మేనేజరు గది బయట బల్ల మీద నిదానం కూర్చుని ఉన్నాడు. ఆమెని చూసి కొంచెం పక్కకి జరిగి చోటిచ్చాడు. చేతిలో మడతపెట్టిన కాగితం ఉంది.

"నాది నేను రాసుకొచ్చా."

"ఏం రాశావన్నయ్యా?"

"అద్దం చూడలేదని. రాత్రి పడుకుని ఆలోచిస్తే అదే తగులుతోంది. ఆ అద్దం తుడిచి ఎన్నేళ్ళయిందో నాకే గుర్తులేదు. మీ మామగారిది జబ్బు. నాది బద్ధకం."

మేనేజరు రెండు కాగితాలూ రెండుసార్లు చదివాడు. కళ్ళజోడు తీసి బల్ల మీద పెట్టాడు. "ఇవి రాకపోతే ఈ పాటికి ఫైలు మూసేసేవాణ్ణి. మీ ఇద్దరికీ ఆ సంగతి తెలుసు." ఆయన గొంతులో కోపం లేదు, విసుగు ఉంది. మంచిమనుషుల వల్ల పని పెరిగినప్పుడు వచ్చే విసుగు అది. నిదానాన్ని రూటు మీంచి తీసి, విచారణ తేలేదాకా డిపో ఆవరణలో బస్సులు కడిగేచోట ఉండమన్నాడు. ఆమెని సస్పెండు చేశాడు. ఎన్నాళ్ళు అన్నది చెప్పలేదు. టిక్కెట్ల పెట్టె, సంచి, ఛాతీ మీది బిళ్ళ కౌంటరులో ఒప్పజెప్పింది. కౌంటరు అమ్మాయి అవి తీసుకుంటూ, "అక్కా, మంచినీళ్ళు తాగుతావా?" అని అడిగింది. ఆమె తాగింది. గ్లాసు ఖాళీ అయ్యేదాకా ఆ అమ్మాయి ఇంకెవర్నీ పిలవలేదు.

ఆ రోజు భర్తతో మాటలు పొడిగా జరిగాయి.

"నాన్న పేరు రాశావా?"

"పేరు రాయలేదు. మామగారు అని రాశాను."

"రెండూ ఒకటే," అన్నాడు. అతను భోజనం దగ్గర కూర్చుని లేచిపోయాడు.

మర్నాడు అతను పంపుహౌసుకి మామూలుగానే వెళ్ళి, పదకొండు కాకుండానే తిరిగి వచ్చాడు. ఆమె వరండాలో మామగారి గోళ్ళు తీస్తోంది. కూతురు బడికి వెళ్ళింది. అతను వచ్చి మెట్టు మీద కూర్చున్నాడు. చేతులు మోకాళ్ళ మధ్య పెట్టుకున్నాడు.

"చెప్పేశా," అన్నాడు.

"ఏమిటి?"

"ఇంజినీరుగారికి. నాన్నకి ఇలా ఉందని. నలుగురూ ఎదురుగానే ఉన్నారు. ఎలాగూ డిపో నుంచి తెలిసేదే, ఎవరి నోటో వినే బదులు నేనే చెబుదామనుకున్నా." అతను నేల మీద ఏదో గీశాడు. "ఆయన, ముందే చెప్పొచ్చు కదయ్యా అన్నారు. పాపను బడి దగ్గర దింపేవాడు లేడూ, అతను అప్పటికప్పుడు, నా పిల్లని మా తమ్ముడు దింపుతాడు, నీ షిఫ్టు నాకిచ్చెయ్యి అన్నాడు. ఇవాళ్టి నుంచి మళ్ళీ రెండింటికే వెళ్ళాలి. రెండు నిమిషాలు కూడా పట్టలేదు."

గోళ్ళు తీసే ఆమె చెయ్యి ఆగింది.

రెండు నిమిషాలు. ఆ రెండు నిమిషాల మాట నెల కిందట నోరు దాటి ఉంటే, ఒక మనిషి ఈపాటికి మూడో ఇంటి కర్టెన్లు తగిలిస్తూ ఉండేది. ఒక ముసలి డ్రైవరు బస్సులు కడిగే చోట నిలబడి ఉండేవాడు కాదు. ఆమెకి అరవాలనిపించింది. అరిస్తే మామగారు బెదిరిపోతారు. అందుకని ఆయన బొటనవేలి గోరు నెమ్మదిగా, చర్మం తెగకుండా, చివరిదాకా తీసింది. భర్త తల దించుకునే ఉన్నాడు. తన మనసులో ఏముందో అతనికి తెలుసని ఆమెకి అర్థమైంది. తెలిసింది కనుకే అతను పరిగెత్తుకుని వచ్చాడు.

"ఎల్లుండి ఆవిడకి కట్టు చూపించడానికి ఆసుపత్రికి వెళ్ళాలి," అంది చివరికి. "ఒక్కర్తే వెళ్ళలేదు. పొద్దున్నే తోడు వెళ్ళి, వచ్చాక ఆవిడ దగ్గర కూర్చుని ఆ అంచులు కుట్టి పెడదామనుకుంటున్నా. నాకు మిషను వచ్చు."

"నేను వెళ్తాలే ఆవిడతో. చెయ్యాల్సింది నేను. నువ్వు నాన్న దగ్గరుండు."

"ఆవిడకి క్షమాపణ చెప్పుకోవాలంటే ఆదివారం వెళ్ళండి, ఎవరు వద్దన్నారు? పొద్దున పూట మాత్రం మీరే ఇక్కడుండండి."

షిఫ్టులు కుదిరిన రోజుల్లో కూడా, అతను తండ్రి పక్కన కూర్చునేవాడే గానీ, స్నానం, బట్టలు ఆమె పొద్దున్నే ముగించి వెళ్ళేది. లేకపోతే మధ్యాహ్నం వచ్చాక చేసేది. మధ్యలో తడిసిన బట్ట కూడా ఆమె వచ్చేదాకా బకెట్టులోనే ఉండేది.

"ఎవరబ్బాయి ఈయన?" అని పెద్దాయన కోడల్ని అడిగాడు, కొడుకు వైపు చూపిస్తూ. "చాలాసేపట్నుంచి కూర్చున్నాడు. కూర్చోబెట్టి ఊరుకున్నావేం, మంచినీళ్ళు ఇవ్వు."

కొడుకు లేచి లోపలికి వెళ్ళాడు. మంచినీళ్ళ కోసం కాదు. స్నానాల గదిలో బకెట్టు కుళాయి కిందకి జరిపిన చప్పుడు వినిపించింది. కాసేపటికి తలుపులోంచి తొంగి చూశాడు. తండ్రికి జబ్బు చేసిన నాలుగేళ్ళుగా ఒకే ఇంట్లో ఉన్న మనిషి, సిగ్గుపడుతూ, తెలియని పని మొదటి రోజున అడిగినట్టు అడిగాడు.

"ఆయనకి నీళ్ళు ఎంత వేడి ఉండాలి?"

"మోచెయ్యి ముంచి చూడండి," అంది ఆమె. "వేళ్ళతో చూస్తే తెలీదు."